కడపలో మాటలు ఏరిన బ్రౌను దొరగారు

ఈ శతాబ్ది సంచికకు ఒక వ్యాసం వ్రాయమని పెద్దలు అడిగినప్పుడు ఎవరిని గూర్చి వ్రాయాలా అని చాలా ఆలోచించాను. మన ప్రాంతంలో పాటుపడిన మిషనరీ దొరలను గూర్చి, తొలి తెలుగు పాదిరులను గూర్చి వ్రాయడానికి నాకంటె యోగ్యులు ఉన్నారు. నేను నలుబది ఏండ్లుగా ఆదివారపు బడిలో అందరికంటె చిన్నపిల్లల తరగతిని చూచుకుంటున్నదానను. మూడేండ్లవాడు, నాలుగేండ్లది, ముక్కు తుడిపించుకుంటూ వచ్చి చాపమీద కూర్చునే బిడ్డలు నావారు. వారికి మాటలు నేర్పడం, ఆపైన అక్షరం చూపించడం నా పని. ఈ పనిలో నాకు ఎక్కువగా దారి చూపించినవారు ఒక మిషనరీ కాదు, బడిపంతులు కాదు, కలెక్టరు కచేరీలో ఉద్యోగి. ఆయన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు. మన ఇండ్లలో బైబిలు ప్రక్కన ఆయన నిఘంటువు ఉన్న ఇండ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ పెద్ద పుస్తకం మన కడపలో పుట్టిందన్న సంగతి మాత్రం పిల్లలకు చెప్పేవారు తగ్గిపోయారు.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌను కంపెనీవారి చాప్లెను, అనగా దొరల సంఘానికి పాదిరి. ఫోర్టు విలియం కళాశాలకు పెద్దగా కూడ ఉండినారు. ఆ ఇల్లు భాషల ఇల్లు. హీబ్రూ మొదలుకొని తూర్పుదేశపు భాషల వరకు ఇంటిలో వినబడుతూ ఉండేవి. చిన్న ఛార్లెస్ చెవిలో చిన్ననాడే పలు భాషల ధ్వనులు పడ్డాయి. తండ్రి 1812లో చనిపోయినారు. అప్పటికి పిల్లవానికి ఇంకా పదునాలుగు నిండలేదు. కుటుంబం ఇంగ్లండుకు చేరింది. హెయిలీబరీలో కంపెనీ ఉద్యోగానికి చదువుకుని 1817 ఆగస్టులో మద్రాసులో దిగారు.

అక్కడ సెంటు జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర తెలుగు మొదలుపెట్టారు. పందొమ్మిదేండ్ల యువకుడు ఓనమాలు దిద్దడం అంటే ఎట్లుండునో ఊహించుకోండి. హీబ్రూ చదివినవానికి గుణింతం ముందర కూర్చునేసరికి మన పసివాని పాటే అయింది. అచ్చులు, హల్లులు కలిపి ఏబదియారు, వాటికి గుణింతాలు, గుణింతాలకు వత్తులు. ఇంగ్లీషు పిల్లవాడు ఇరువదియారు గుర్తులు నేర్చుకుంటే పని మొదలవుతుంది. మన పిల్లవాడు గుర్తుపట్టవలసిన ఆకారాలు వందలలో ఉంటాయి. అందువల్ల తెలుగు బిడ్డ ఒకటవ తరగతి చివరికి గడగడ చదవలేదని తల్లులు దిగులుపడనవసరం లేదు. తొందరపెట్టి పలకమీద గుణింతాలు వందసార్లు రుద్దించడమే మనం చేసే పొరపాటు. అప్పటికి క్యాంబెల్ దొర వ్రాసిన తెలుగు వ్యాకరణం 1816లో అచ్చయి యున్నది. అది బ్రౌనుకు కొరుకుడు పడలేదు.

1820లో సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చారు. ఆయన 1800 నుండి 1807 వరకు మన దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసి, రైతుల మాట రైతుల నోటినుండి విన్నవారు. జనుల భాష తెలియనివాడు జనులకు న్యాయం చేయలేడన్న భావంతో ఆయన కళాశాల విద్యార్థులకు చేసిన ప్రసంగం బ్రౌను మనసులో నాటుకుంది. అదే సంవత్సరం ఆగస్టులో కడప కలెక్టరు హన్బరీగారికి సహాయకునిగా పంపబడ్డారు. హన్బరీగారు తెలుగు ధారాళంగా మాట్లాడేవారు. పరీక్ష ప్యాసయి వచ్చిన యువకుడు కచేరీలో నిలబడి రైతులు చెప్పుకునే మాటలు అర్థంకాక తెల్లబోయాడు. పుస్తకంలోని తెలుగు వేరు, పెన్న ఒడ్డున మాట్లాడే తెలుగు వేరు.

ఈ ఘట్టాన్ని నేను మరీమరీ తలచుకుంటూ ఉంటాను. పసిబిడ్డ ఏడాదిపాటు వింటుంది, ఆపైన ఒకటి రెండు మాటలు పలుకుతుంది. అమ్మ వంట చేస్తూ, అవ్వ బియ్యం చెరుగుతూ, ఊరకనే మాట్లాడుతూ ఉంటే ఆ మాటలు బిడ్డ లోపల చేరుతూ ఉంటాయి. చేరిన మాటలే తరువాత చదువుకు మూలధనం. అక్షరాలను కూడబలుక్కుని ఒక మాట చదివినప్పుడు, ఆ మాట ముందే తెలిసిన బిడ్డ ముఖం వెలుగుతుంది. తెలియని బిడ్డకు చదివినా అది ఉత్త శబ్దమే. బ్రౌనుకు జరిగినది రెండవది. అక్షరం వచ్చింది, మాట రాలేదు. అప్పుడు ఆయన పుస్తకం ప్రక్కనబెట్టి వినడం మొదలుపెట్టారు. ఇరువదిరెండేండ్ల వయసులో మన కడప ఆయనకు రెండవ తల్లియొడి అయింది.

మరు సంవత్సరమే, 1821లో, కడపలో రెండు ఉచిత పాఠశాలలు పెట్టించారు. తరువాత మచిలీపట్నం బదిలీ అయినప్పుడు 1823లో అక్కడ రెండు పెట్టించారు. ఇవి సర్కారు బడులు కావు, ఆయన స్వంత జీతం మీద నడిచినవి. కడపలో లండన్ మిషనువారి పని మొదలయినది 1822లో. అంటే మన పెద్దలు ఇక్కడ బడి, గుడి కట్టుకొంటున్న రోజులూ, ఈయన బడులు పెట్టిన రోజులూ ఒకటేనన్నమాట.

అప్పటి వీధిబడి ఎట్లుండెడిదో మనకు చక్కగా తెలుసు. ఎట్లనగా, మన్రో గవర్నరు 1822లో రాజధాని అంతటా బడుల లెక్క తీయించారు. బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్, పైన చెప్పిన వ్యాకరణకర్తే, 1823 ఆగస్టులో ఇచ్చిన జవాబు చాలా వివరమైనది. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి ఆదోని, ఆలూరు, పత్తికొండ కూడ ఉండినవి కనుక అది మన కర్నూలు వారి ముచ్చట కూడ. ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. బిడ్డకు ఐదేండ్లు రాగానే బడిలో వేసేవారు. మొదట అక్షరం నోటితో వల్లించడం కాదు, నేలమీద ఇసుకలో వ్రేలితో దిద్దడం. ముందుగా బడికి వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అట్లా పెరుగుతూ పోయేవి. మా తాతగారు శ్రీ, చుక్క అని చెప్పేది దీనినే.

ఇసుకలో వ్రేలితో దిద్దించడం ఎంత మంచి పద్ధతో ఈనాడు పెద్దపెద్దవారు చెబుతున్నారు. 1939లో మద్రాసు వచ్చిన మాంటిస్సోరి అమ్మగారు గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలమీద పిల్లల వ్రేలు నడిపించేవారు. కన్ను, చెవి, వ్రేలు మూడూ కలిసి నేర్చుకుంటాయి. మద్రాసు అనాథ బాలుర ఆశ్రమాన్ని చూచుకొన్న పాదిరి డాక్టరు ఆండ్రూ బెల్ పిల్లలు ఇసుకలో వ్రాయడం చూచి, ఆ పద్ధతినీ, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతినీ తన బడిలో పెట్టి, 1797లో దానిమీద పుస్తకం అచ్చువేశారు. ఇంగ్లండులోని పేదపిల్లల బడులకు అది మద్రాసు పద్ధతి అన్న పేరుతో వ్యాపించింది. మన ఊరి ఇసుక సముద్రాలు దాటిపోయింది. ఇప్పుడు మనం పైనుండి వచ్చిన రంగుల బొమ్మల పుస్తకాలకు వందలు పోస్తున్నాం.

అయితే క్యాంబెల్ ఒక లోపం కూడ ఎత్తిచూపారు. పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పగిస్తారు, అర్థం మాత్రం చిలుకకు తెలిసినంతే తెలుసు. బడిలో నేర్పే పద్యభాష ఇంటి భాష కాకపోవడమే దీనికి కారణమని ఆయన వ్రాశారు. వల్లెవేయడం పూర్తిగా చెడ్డదని నేను అనను. లయ చెవికి పడితే మాటలోని ధ్వనులు విడివిడిగా వినిపిస్తాయి. ప్రాస పట్టుకున్న బిడ్డ త్వరగా చదువుతుంది. దీనిని నా తరగతిలో చాలాసార్లు చూచాను. కాని అర్థం లేని లయ ఎంతవరకు లాక్కొని పోతుంది?

బ్రౌనుకు దీనికి మందు దొరికినది వేమన దగ్గర. 1824లో అబ్బే దుబాయి అను ఫ్రెంచి పాదిరి వ్రాసిన పుస్తకంలో వేమన పేరు చూచారు. వ్రాతప్రతులు తెప్పించడం మొదలుపెట్టారు. పండితులు వేమనను చిన్నచూపు చూచే రోజులవి. బ్రౌను మాత్రం ఆ పద్యాలలో కచేరీ ముందర నిలబడే రైతు భాషను గుర్తుపట్టారు. 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించారు. 1839లో ఆ సంఖ్య 1,164 అయింది. ఈనాడు పసిపిల్లల నోట వేమన పద్యం వింటున్నామంటే ఈయన చేతి చలువ చాలా ఉన్నది. చిన్నమాటలు, చేరువలో కనిపించే వస్తువులు, చివర తిరిగి తిరిగి వచ్చే ఒకే మకుటం: చిన్నబిడ్డకు ఇంతకంటె అనుకూలమైన పాఠం ఏమున్నది?

1826లో మరల కడపకు వచ్చారు. ఇక్కడ ఒక బంగళా కొని, దానిని పండితుల నిలయం చేశారు. జనులు దానిని బ్రౌను కాలేజీ అనేవారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డిగారు వ్యవహారమంతా చూచుకొనేవారు. జూటూరి అప్పయ్యశాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్యశాస్త్రి మొదలైనవారు కూర్చుని తాటాకులు పోల్చి, తప్పులు దిద్ది, సాపు వ్రాసి పెట్టేవారు. అందరికీ జీతం దొరగారి జేబులోనుండే. జేబు ఖాళీ అయితే అప్పు. ఆయన జీవితమంతా ఈ అప్పు వెంటాడింది. పేరు దొరగారికి వచ్చింది కాని, ఆ పండితుల కండ్లు పోయేటంత శ్రమను మనం మరువరాదు.

ఆ బంగళాలో సాగిన పనులలో పెద్దది నిఘంటువు. అప్పటివరకు మన భాషలో మాటల పట్టికలంటే ఎక్కువగా పద్యరూపమైన కోశాలు. బిడ్డ వాటిని వల్లించవలసిందే గాని వెదకి చూచుకోవడానికి వీలుకాదు. పైగా వాటిలో ఉన్నవి కావ్యాల మాటలు. బ్రౌను కావ్యాలనూ వదలలేదు, వసుచరిత్ర, మనుచరిత్ర వంటివి చదివి మాటలు ఏర్చారు. దానితోపాటు సంతలో, కచేరీలో, పొలంలో వినబడిన మాటకు కూడ అదే వరుసలో చోటిచ్చారు. ఎనుము ఉన్నది, అలసంద ఉన్నది, గొర్రు ఉన్నది. పండితులకు ఇది రుచించలేదు. దొరగారికి కోపం కూడ కొంచెం ఎక్కువే, వాదులాటలు తప్పలేదు.

ఇక్కడ నా స్వంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను చిన్నప్పుడు ఒక బడిలో చేరాను, పేరు అనవసరం. గోడమీద బొమ్మల పటం ఉండేది. పంతులమ్మ కర్రతో చూపించి ఇదేమిటి అని అడిగింది. నేను గట్టిగా ఎనుము అన్నాను. తరగతి నవ్వింది. పటం మీద గే అక్షరం ప్రక్కన ఉన్నది గేదె. మా ఇంట్లో రెండు ఎనుములు ఉండేవి, వాటికి గడ్డి వేసి వచ్చాను ఆ పొద్దున. కాని గేదె అన్న మాట అంతవరకు విననేలేదు. నా అరచేతిలో ఒక దెబ్బ పడింది. ఆ తరువాత రెండు నెలలు బడిలో నోరు తెరవలేదని మా అమ్మ చెప్పేది. ఆ బొమ్మ క్రింద గేదె అని వ్రాసినవారు గుంటూరు వైపువారో గోదావరి వైపువారో, తప్పు వారిది కాదు. మన బేడలు, మన బొరుగులు, మన ఎర్రగడ్డ, తెల్లగడ్డ, మన అంగడి, ఇవి పుస్తకంలోకి రాలేదు, అంతే. చాలా ఏండ్ల తరువాత బ్రౌను నిఘంటువు చేతికి వచ్చినప్పుడు నేను మొదట వెదకినది ఎనుమునే. కనబడింది. ఎందుకో కండ్లలో నీళ్ళు తిరిగాయి.

ఇంటి మాటతో మొదలుపెట్టి, దానికి ప్రక్కన పుస్తకం మాటను చేర్చితే బిడ్డకు రెండు మాటలు దక్కుతాయి. ఇంటి మాటను కొట్టివేస్తే రెండూ దక్కవు. ఇప్పటి మన కుటుంబాలలో మూడేండ్ల బిడ్డను ఇంగ్లీషు నర్సరీకి పంపి, ఇంటిలో కూడ తెలుగు మాట్లాడవద్దని ఆంక్ష పెట్టేవారిని చూస్తున్నాను. ఆ బిడ్డ యాపిల్ బొమ్మ చూపి పేరు చెబుతుంది, పెరటిలోని సీతాఫలం పేరు చెప్పలేదు. ఇంగ్లీషు నేర్పవద్దని కాదు. పునాది మాటలు ఏ భాషలోనైనా నిండుగా ఉండాలి గదా.

బ్రౌను జీవితంలోని తక్కిన సంగతులు క్లుప్తంగా చెబుతాను. 1832–33లో గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు అక్కడ పనిచేస్తున్న బ్రౌను పైవారికి వ్రాసేటప్పుడు కరువును కరువు అనే వ్రాశారు. కొరత, ఎద్దడి వంటి మెత్తని మాటలు వాడుకలో ఉన్న కచేరీలో అది గిట్టలేదు. మాటల విలువ తెలిసినవాడు అక్కడ వేరొక మాట ఎట్లా వ్రాస్తాడు? 1834లో ఉద్యోగం వదులుకోవలసివచ్చి ఇంగ్లండుకు వెళ్ళారు. అక్కడ కూడ ఊరకుండక, ఇండియా హౌసులో మూలపడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను బయటికి తీసి మద్రాసుకు చేర్చే ఏర్పాటు చేయించారు. 1838లో మరల మద్రాసు వచ్చి, అనువాదకునిగా, తరువాత తపాలా శాఖ అధిపతిగా పనిచేశారు. 1840లో వ్యాకరణం వచ్చింది. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వేపేరిలోని క్రిస్టియన్ నాలెడ్జి సొసైటీ అచ్చుకూటంలో వెలువడింది. ఇంగ్లీషు–తెలుగు, మిశ్రభాషా నిఘంటువులు 1854 నాటికి వచ్చాయి. బైబిలు తెనిగింపులో కూడ ఆయన చేయి ఉన్నది. కొత్తగా నేర్చుకునేవారికోసం వాక్యావళి అని వాడుక వాక్యాల పుస్తకం, ఉత్తరాలతో కూర్చిన వాచకం, తాతాచార్యుల కథలు అచ్చువేయించారు. కథల పుస్తకం మీద నాకు మక్కువ ఎక్కువ. విడిమాటలు నేర్పి ఊరుకోలేదు. మాటను వాక్యంలో, వాక్యాన్ని కథలో చూపించారు. చిన్నపిల్లల తరగతిలో మేము చేయవలసినది కూడ ఇదే వరుస.

ఆరోగ్యం చెడి 1855లో ఇంగ్లండు చేరారు. 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో గౌరవ తెలుగు ఆచార్యులు అయ్యారు. పెండ్లి చేసుకోలేదు, బిడ్డలు లేరు. 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశారు. 1903లో ఆయన నిఘంటువును సవరించి మరల అచ్చువేసిన ముగ్గురిలో కందుకూరి వీరేశలింగంగారు, ఎం. వెంకటరత్నంగారితోపాటు మన సీమలో పనిచేసిన లండన్ మిషను దొర డబ్ల్యు.హెచ్. క్యాంబెల్‌గారు ఒకరు. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ వేరు, ఈయన వేరు.

కడపలోని బ్రౌను బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇల్లిల్లు తిరిగి చందాలు పోగుచేసి గ్రంథాలయం కట్టించారు. అది ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం క్రింద భాషాపరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. వీలైనవారు పిల్లలను ఒకసారి తీసుకొని వెళ్ళండి. ఆవరణలో చెట్లు ఉన్నాయి, పిల్లలు ఆడుకోవచ్చు.

నా తరగతిలో ఇప్పుడు ఒక పాత ట్రేలో హంద్రీ ఇసుక పోసి పెట్టాను. ఆదివారం ఆరాధన అయిపోయిన తరువాత సంఘంలోని అవ్వలు వంతులవారీగా వచ్చి పిల్లలకు పొడుపుకథలు విప్పుతారు. సుగ్గికి పోయిన ఇండ్ల పిల్లలు నాలుగు నెలలు కనబడరు. మిరప కోతలు అయిపోయి గుంటూరు వైపునుండి తిరిగివచ్చినప్పుడు, కొందరు బడికి వెళ్ళడానికి జంకుతారు, అక్షరాలు మరచిపోయామని. పోయిన ఏడాది అట్లా వచ్చిన ఒక పిల్లను ఇసుక ముందర కూర్చోబెట్టి, అక్కడ ఏమేమి చూచావో చెప్పమన్నాను. మొదట తల వంచుకున్నది. తరువాత కల్లం, టిక్కీ, తాలు, అని ఒక్కొక్క మాటే చెప్పడం మొదలుపెట్టింది. తక్కినపిల్లలు అవేమిటని అడిగారు. వారికి విడమరిచి చెబుతూనే వ్రేలితో ఇసుకలో తా వ్రాసింది. దీర్ఘం ఎటువైపు తిరగాలో తెలియక నా ముఖం చూచింది.